రాకీ నిజంగా భయపడ్డాడా?



గత వేసవిలో సత్యోపదేశ తరగతులు ముగిసిన సాయంత్రం మా విచారణ పిల్లలకు ఒక పాత సినిమా చూపించాను. నలుపు తెలుపు బొమ్మ, ఇంగ్లీషు మాటలు. గోడకు దుప్పటి కట్టి ప్రొజెక్టరు పెట్టి, అక్కడక్కడా ఆపి, కథ తెలుగులో చెబుతూ నడిపించాను. మొదటి పదిహేను నిమిషాల్లోనే సగం మంది జారుకున్నారు. పాటల్లేవు, ఫైట్లు కూడా చప్పగా ఉన్నాయని వాళ్ళ ఫిర్యాదు. మిగిలిన వాళ్ళు మాత్రం చివరిదాకా కదలలేదు. దీపాలు వేశాక పదో తరగతి కుర్రవాడొకడు లేచి, "ఫాదర్, వాడు నిజంగా భయపడ్డాడా, మీ మాట కోసం నటించాడా?" అని అడిగాడు.

ముప్పై ఏళ్ళ కిందట సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో ఇదే సినిమాను వీడియో క్యాసెట్టులో చూసి నేనూ అదే ప్రశ్న అడిగాను. "మీ మాట కోసం" అన్నాడే, దాన్ని కాస్త గుర్తుంచుకోండి. ఆ సినిమాలో మాట అడిగింది ఒక గురువు. కుర్రవాడి కంటికి ఆ గురువూ నేనూ ఒకటే అయిపోయాం. వాడు అన్నదాంట్లో వాడికి తెలియని నిజం ఒకటుంది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

సినిమా పేరు 'ఏంజెల్స్ విత్ డర్టీ ఫేసెస్'. మురికి మొహాల దేవదూతలు అనుకోండి. 1938లో వార్నర్ బ్రదర్స్ సంస్థ తీసింది. దర్శకుడు మైకేల్ కర్టీజ్. రౌడీ రాకీ సల్లివన్‌గా జేమ్స్ కాగ్నీ, అతని చిన్ననాటి స్నేహితుడు ఫాదర్ జెర్రీ కానలీగా ప్యాట్ ఓబ్రియన్, మోసగాడైన లాయరుగా హంఫ్రీ బోగార్ట్ వేశారు. ఆ ఏటి ఆస్కార్ ఉత్తమ నటుడి పోటీలో కాగ్నీ ఉన్నాడు గాని, బహుమతి స్పెన్సర్ ట్రేసీకి పోయింది. అది కూడా 'బాయ్స్ టౌన్'లో ఫాదర్ ఫ్లానగన్ వేషానికి! గురువు వేషం రౌడీ వేషాన్ని ఓడించిందని మేం సెమినరీలో నవ్వుకునేవాళ్ళం.

నాకు నచ్చిన ఘట్టాల్లో మొదటిది సినిమా ఆరంభంలోనే ఉంది. ఇద్దరు పేద పిల్లలు న్యూయార్క్ రైలు యార్డులో ఆగి ఉన్న పెట్టెలోకి దూరతారు. లోపల ఉన్నవి ఫౌంటెన్ పెన్నులు. ఎవరో చూస్తారు, ఇద్దరూ పరుగు తీస్తారు. దారిలో జెర్రీని రైలు కింద పడకుండా రాకీ లాగి కాపాడతాడు. జెర్రీ కంచె దాటి తప్పించుకుంటాడు, రాకీ దొరికిపోతాడు. పక్కవాడి పేరు చెప్పకుండా బాల నేరస్థుల బడికి పోతాడు. తర్వాత ఒకడు గురువయ్యాడు, ఒకడు హంతకుడయ్యాడు. మధ్యలో ఉన్న తేడా ఎంత? కాళ్ళ వేగమంత. మనలో బలిపీఠం దగ్గర నిలబడ్డవాళ్ళూ, గుడిలో ముందు వరుసలో కూర్చున్నవాళ్ళూ ఈ ఘట్టాన్ని ఒకసారి నిదానంగా చూడాలి. మనం మంచివాళ్ళమని అనుకుంటున్న దాంట్లో ఎంత మన పుణ్యమో, ఎంత ఆనాడు దొరక్కపోవడమో ఎవరు తేల్చగలరు?

ఈ కథ కాగ్నీకి కొత్తది కాదు. ఆయన న్యూయార్క్ ఇరుకు వీధుల్లోనే పెరిగాడు. కుర్రతనంలో బేస్‌బాల్ జట్టుతో సింగ్ సింగ్ జైలుకు ఆడటానికి వెళ్తే, ఖైదీల్లో తమ పేటవాళ్ళు కనిపించి పలకరించారట. తనతో బడిలో చదివినవాడొకడు 1927లో అక్కడే విద్యుత్ కుర్చీలో చనిపోయాడని తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ రోజుల్లో ఈయన బ్రాడ్వే నాటకాల్లో వేషాలు వేస్తున్నాడు. రాకీ భుజాలు ఎగరేసే తీరు కూడా చిన్నప్పుడు వీధిలో చూసిన ఒక చెడ్డ మనిషి దగ్గర నేర్చుకున్నదే.

రెండో ఘట్టం చెబితే మీరు నవ్వుతారేమో. జైలు నుంచి వచ్చిన రాకీ జేబును ఆ పేట పిల్లలు కొడతారు. అతను వాళ్ళ రహస్య స్థావరానికి నేరుగా వెళ్ళి పట్టుకుంటాడు. ఎలా తెలిసింది? ఒకప్పుడు తానూ జెర్రీ దాక్కున్న నేలమాళిగ అదే! పిల్లల కళ్ళలో ఆ క్షణం నుంచి రాకీ దేవుడు. ఆ పిల్లల్నే బాస్కెట్‌బాల్ ఆడించి దారికి తెద్దామని ఫాదర్ జెర్రీ నానా తంటాలు పడుతుంటాడు. ఆయన మాట వినని పిల్లలు రాకీ రెండు దెబ్బలు వేసేసరికి బుద్ధిగా ఆడతారు. యువజన సంఘం నడిపిన ఏ గురువైనా ఇక్కడ నిట్టూర్చక తప్పదు.

అప్పటి అమెరికా సినిమాలకు ఒక నియమావళి ఉండేది. 1930లో దాని ముసాయిదా రాసిన వారిలో జెస్విట్ గురువు డేనియల్ లార్డ్ ఒకరు. 1934 నుంచి దాన్ని గట్టిగా అమలు చేసిన జోసెఫ్ బ్రీన్ కూడా కతోలికుడే. 1936లో 11వ పీయూసు పోపుగారు సినిమాల మీద ఒక విశ్వలేఖే రాశారు. నేరం చేసినవాడు తెర మీద శిక్ష పడకుండా పోకూడదన్నది ఆ నియమాల సారం. ఈ సినిమా ఆ నియమాన్ని అక్షరాలా పాటించింది. అయినా చూసినవాళ్ళకు గుర్తుండేది ఎవరు? రాకీయే. ఫాదర్ జెర్రీ చెప్పే నీతులు గుర్తుండవు. పిల్లలు రౌడీని ఆరాధించడం ప్రమాదమని చెప్పే సినిమా, మనచేత ఆ రౌడీనే ఆరాధింపజేస్తుంది. శిక్ష చూపించినంత మాత్రాన ఆకర్షణ పోదని మన తెలుగు సినిమాలు చూసే మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇక అసలు ఘట్టం. ఫాదర్ జెర్రీ పట్టణంలోని అవినీతిపై పత్రికల్లో, రేడియోలో యుద్ధం మొదలుపెడతాడు. అతన్ని చంపాలని లాయరూ, అతని జతగాడూ కుట్ర చేస్తుంటే రాకీ విని, వాళ్ళిద్దరినీ కాల్చేస్తాడు. పట్టుబడతాడు, మరణశిక్ష పడుతుంది. చివరి గంటలో జెర్రీ జైలు గదికి వస్తాడు. రాకీ ధీమాగా ఉన్నాడు. విద్యుత్ కుర్చీ మంగలి కుర్చీతో సమానమన్నట్టు మాట్లాడతాడు. అప్పుడు గురువు ఒక కోరిక కోరతాడు. నువ్వు ధైర్యంగా చస్తే ఆ పిల్లలు జీవితాంతం నిన్నే కొలుస్తారు. కాబట్టి పిరికివాడిలా ఏడుస్తూ, కాళ్ళావేళ్ళా పడుతూ చచ్చిపో. నువ్వు నటించావని నీకూ నాకూ దేవుడికీ తప్ప ఎవరికీ తెలియదు.

రాకీ ఒప్పుకోడు. నా దగ్గర మిగిలింది అదొక్కటే, అదీ ఇచ్చేయమంటావా అంటాడు. తల ఎత్తుకునే నడుస్తాడు. ఆ గది వాకిలి దాటాక మనకు కనిపించేవి గోడ మీద నీడలు, ఇనప గొట్టాన్ని పట్టుకుని వదలని చేతులు. వినిపించేది అరుపులు, ఏడుపు. రాకీ మొహం మనకు సరిగా చూపించరు. జెర్రీ మొహం చూపిస్తారు, కళ్ళు పైకెత్తి ఉంటాయి, నీళ్ళు నిండి ఉంటాయి. మరునాడు నేలమాళిగలో పిల్లలు పత్రిక చదువుకుని, నిజమేనా ఫాదర్ అని అడుగుతారు. నిజమే, అందులో రాసినట్టే చచ్చిపోయాడు అంటాడు. ఆపైన, తనంత వేగంగా పరుగెత్తలేకపోయిన ఒక పిల్లవాడి కోసం ప్రార్థిద్దాం రమ్మని మెట్లెక్కిస్తాడు.

రాకీ నటించాడా లేదా అని కాగ్నీని జీవితాంతం అడుగుతూనే ఉన్నారు. ఎటైనా అనుకునేలా కావాలనే అలా వేశానని ఆయన ఆత్మకథలో రాశాడు. కాబట్టి మా కుర్రవాడి ప్రశ్నకు జవాబు సినిమాలో లేదు. కానీ దాని వెనక ఇంకో ప్రశ్న ఉంది. నటించాడే అనుకుందాం. అది తప్పా? అడిగిన గురువుది తప్పా?

మా తత్వశాస్త్రం ఫాదర్‌గారు దీని మీదే మాచేత వ్యాసం రాయించారు. పునీత అగస్టీనుగారి దారి సూటిది. ఏ అబద్ధమూ తగదు, ప్రాణం కాపాడటానికైనా తగదు. ఆయన తగస్తె పట్టణపు పీఠాధిపతి ఫిర్ముస్ కథ చెబుతారు. తన దగ్గర దాక్కున్నవాడి కోసం రాజభటులు వస్తే, అబద్ధమాడను, ఆ మనిషినీ అప్పగించను అన్నాడట. చిత్రహింసలు పెట్టినా అదే మాట. చివరకు చక్రవర్తే మెచ్చి ఆ దాక్కున్నవాణ్ణి క్షమించాడు. వినడానికి ఎంత బాగుంది! మెచ్చుకోని చక్రవర్తి దొరికితే ఏమయ్యేదో అని నా వ్యాసంలో రాశాను. ఇరవైకి పన్నెండు మార్కులు వచ్చాయి.

పునీత యోహాను క్రిసోస్తోముగారు ఇంకోలా అంటారు. ఆయన తన స్నేహితుడు బాసిలును మాయమాటతో గురువును చేయించి, తాను మాత్రం దాక్కున్నారు. తర్వాత, వైద్యుడు రోగిని మోసగించినట్టే, మేలు కోసం చేసిన మోసం మోసం కాదని వాదించారు. నిర్గమకాండంలో ఫరోకు అబద్ధం చెప్పి పసివాళ్ళను కాపాడిన మంత్రసానులను దేవుడు దీవించాడు గదా అని మీరు అడగవచ్చు. దేవుడు దీవించింది వాళ్ళ దయను, అబద్ధాన్ని కాదు అని అగస్టీనుగారి జవాబు.

పునీత తోమాసు అక్వినాసుగారు మన రాకీకే నేరుగా చెప్పినట్టు ఉంటుంది. మాటతోనే కాదు, చేష్టతో నటించడం కూడా అబద్ధమే అంటారు. కానీ నటన అంతా అబద్ధం కాదనీ అంటారు. ఎమ్మావు దారిలో ప్రభువు ఇంకా ముందుకు సాగిపోబోతున్నట్టు కనిపించాడు గదా. ఏదో ఒక సత్యాన్ని సూచించే నటనను అబద్ధం అనలేం అని ఆయన విడమరచారు.

నా మనసు ఇక్కడే ఆగుతుంది. రాకీ ఏడుపు ఏ సత్యాన్నైనా సూచించిందా? సూచించిందనే నా నమ్మకం. అతని ధైర్యమే ఒక వేషం. చిన్నప్పటి నుంచి భుజాలెగరేస్తూ, దేనికీ చలించనట్టు ఉండటం వీధిలో బతకడానికి తొడుక్కున్న ముసుగు. ముసుగు మీద ఇంకో ముసుగు వేయమన్నాడు జెర్రీ. నటిద్దామని మొదలుపెట్టినవాడికి మధ్యలో నిజమైన ఏడుపు వచ్చి ఉంటుందని నాకనిపిస్తుంది. మీకు అలా అనిపించకపోతే నేను వాదించను.

మక్కబీయుల రెండవ గ్రంథం 6వ అధ్యాయం తెరవండి. ఎలియాసరు అనే తొంభై ఏళ్ళ పెద్దమనిషిని పందిమాంసం తినమని బలవంతం చేశారు. అతని పాత స్నేహితులు జాలిపడి, మేము వేరే మాంసం తెస్తాం, పందిమాంసం తిన్నట్టు నటించు, బతికిపోతావు అన్నారు. అతను ఒప్పుకోలేదు. ఈ వయసులో నటిస్తే కుర్రవాళ్ళు నన్ను చూసి దారి తప్పుతారన్నాడు, ప్రాణం ఇచ్చాడు. రాకీకీ ఎలియాసరుకూ ఉన్న చిక్కు ఒకటే, కుర్రవాళ్ళు చూస్తున్నారు. ఒకడు వాళ్ళ కోసం నటించనన్నాడు, ఇంకొకడు వాళ్ళ కోసమే నటించాడు. ఎలియాసరుకు తన పేరునూ సత్యాన్నీ ఒకేసారి నిలుపుకునే భాగ్యం దక్కింది. రాకీకి ఆ భాగ్యం లేదు. అతని మంచి పేరే పిల్లలకు విషం. దాన్ని ఇచ్చేశాడు. అందుకే రాకీని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు.

జెర్రీ సంగతి వేరు. చావబోయేవాడి దగ్గరకు గురువు ఎందుకు వెళ్ళాలి? ఆ మనిషి కోసం. జెర్రీ పిల్లల కోసం కూడా వెళ్ళాడు. చివరి ఘడియల్లో ఉన్నవాణ్ణి ఒక పాఠంగా వాడుకున్నాడు. ఆ త్యాగంలోనే రాకీకి రక్షణ ఉందని జెర్రీ నమ్మి ఉండవచ్చు, కాదనను. (మరణశిక్షను అతను ఒక్కసారి కూడా ప్రశ్నించడు. 2018లో పోపు ఫ్రాన్సిస్ సత్యోపదేశాన్ని సవరించి అది ఎన్నడూ తగదని రాయించారు. 1938 నాటి గురువుకు ఆ ఊహ రాలేదు కాబోలు.) ఇక మరునాడు పిల్లలతో అన్న మాట. రాసినట్టే చచ్చిపోయాడన్నది అక్షరాలా నిజమే. లోపల ఒకటి దాచుకుని, పైకి నిజమైన మాట పలికి ఎదుటివాణ్ణి తప్పుదారి పట్టించడం గురించి మన వేదాంతులు చాలా తగవులాడారు. ఆ దారిని మరీ వెడల్పు చేసినవారిని 1679లో 11వ ఇన్నోసెంట్ పోపుగారు ఖండించారు.

1992 నాటి సత్యోపదేశ గ్రంథంలో అబద్ధమంటే సత్యం తెలుసుకునే హక్కు ఉన్నవాణ్ణి తప్పుదారి పట్టించడం అని ఉండేది. 1997లో సరిచూసిన ప్రతిలో ఆ 'హక్కు' మాట తీసేశారు. చిన్న మార్పులా కనిపిస్తుంది గాని, అది ఉంటే మనందరికీ ఒక కిటికీ దొరుకుతుంది. పిల్లలకు అంతా తెలిసే హక్కు లేదులే, వాళ్ళ మేలుకే గదా అని దూకేయవచ్చు. ఆ కిటికీలోంచి నేనూ ఒకసారి దూకాను.

ఇరవై ఏళ్ళ కిందటి మాట. ఊరి పేరు చెప్పను. ఆ విచారణలో ఇరవై నాలుగేళ్ళ యువకుడొకడు ఉండేవాడు. చిన్నప్పుడు పూజలో గంట కొట్టిన పిల్లవాడే. తర్వాత సెటిల్‌మెంట్లు, కొట్లాటలు. వాడి బండి, వాడి జుట్టు, వాడి నడక మా కుర్రవాళ్ళకు వేదం. ఒక రాత్రి కత్తిపోట్లు తగిలి ఆసుపత్రిలో ఉన్నాడని కబురొస్తే పవిత్ర తైలం తీసుకుని పరుగెత్తాను. పది నిమిషాలు తెలివిలో ఉన్నాడు. మంచినీళ్ళు అడిగాడు, అమ్మ వచ్చిందా అని అడిగాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. ఏడవలేదు. తల్లి మిరపకోతలకు వేరే ఊరు వెళ్ళి ఉంది, మరునాటికి గాని రాలేకపోయింది.

వారం తర్వాత వాలీబాల్ ఆడే చోట కుర్రవాళ్ళు నన్ను చుట్టుకున్నారు. "ఫాదర్, మీరున్నారంట గదా. అన్న భయపడ్డాడా?" నా మనసులో ఆ నేలమాళిగ మెదిలింది. "భయపడ్డాడురా. చాలా ఏడ్చాడు" అన్నాను. జెర్రీ అన్నది కనీసం అక్షరాలా నిజం. నాది అదీ కాదు. వాళ్ళ మొహాలు వాడిపోయాయి. ఇద్దరు ముగ్గురు ఆ ఆదివారానికి జుట్టు కత్తిరించుకుని గుడికొచ్చారు. నేను సంతోషించాను.

నెల తిరక్కుండా తల్లి పూజ చెప్పించడానికి వచ్చింది. మడిచిన నోట్లు బల్ల మీద పెట్టి నిలబడింది. "మావోడు చాలా ఏడ్చాడంట గదా సామీ. పిల్లకాయలు చెప్పుకుంటున్నారు. నాతో నువ్వు చెప్పలేదు. ఏమని ఏడ్చాడు? నాకు రాత్రుళ్ళు అదే వినపడతా ఉంది" అంది.

ఉన్నదున్నట్టు చెప్పాను. నీళ్ళు అడిగాడనీ, నీ కోసం అడిగాడనీ, ఏడవలేదనీ. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరికి, "మరి పిల్లకాయలతో అట్టా ఎందుకు చెప్పావు సామీ?" అంది. అక్వినాసు, అగస్టీను, ఇరవైకి పన్నెండు మార్కులు ఏవీ నాకు అక్కరకు రాలేదు. వాళ్ళు వాడిలా కాకూడదని చెప్పాను అన్నాను. "వాళ్ళు కాకుండా ఉండటానికి మావోడి చావే దొరికిందా?" అంది. కోపంగా అనలేదు, అడిగినట్టే అంది.

ఆ ఆదివారం పూజ అయ్యాక కుర్రవాళ్ళను ఆగమన్నాను. మీతో అబద్ధం చెప్పాను, వాడు ఏడవలేదు, నీళ్ళు అడిగాడు, అమ్మను అడిగాడు అని చెప్పాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకడు, "మాకు తెలుసు ఫాదర్. అన్న ఏడ్చే రకం కాదు" అన్నాడు. వాడి గొంతులో గర్వమే వినిపించింది. ఇంకొకడు మాత్రం వెనక ఉండిపోయాడు. "అమ్మను అడిగాడా ఫాదర్?" అని మళ్ళీ అడిగాడు. అడిగాడురా అన్నాను. వాడు తల వంచుకుని వెళ్ళిపోయాడు. వాళ్ళలో ఎవరు ఏ దారిన పోయారో మొత్తం లెక్క నా దగ్గర లేదు. ఒకడు ఆటో నడుపుకుంటున్నాడు, ఒకడు జైలుకు పోయి వచ్చాడు.

గత వేసవిలో మా కుర్రవాడికి నేనిచ్చిన జవాబు, "నాకు తెలియదురా" అన్నదే. వాడికి అది నచ్చలేదు. సినిమా మొత్తం చూపించి తెలియదంటారేంటి ఫాదర్ అన్నాడు.

నేను ఆ పాత విచారణ వదిలి వచ్చి చాలా కాలమైంది. ఆ తల్లి ఏటా కొడుకు పోయిన నెలలో ఎవరో ఒకరి చేత పూజ డబ్బు పంపుతుంది. చీటీ మీద పేరు ఒక్కటే ఉంటుంది. ఈ ఏడు తెచ్చినతను, "అమ్మ ఒక మాట చెప్పమంది ఫాదర్. పూజలో పేరు చదివేటప్పుడు గట్టిగా చదవమంది" అన్నాడు.